మా తాత చేసిన తర్జుమా

పోయిన నెల ఖమ్మంలో మా అబ్బాయి ఇంట్లో ఉన్నప్పుడు, మా కోడలు సాయంత్రం పూట చూసే సీరియల్ నేనూ చూశాను. చూడకూడదనే అనుకున్నాను గానీ, ఆ ఇంట్లో సోఫా టీవీకి ఎదురుగానే ఉంది, నా మోకాళ్లకు ఆ సోఫా తప్ప వేరే గతి లేదు. ఆ సీరియల్లో ఒక కుర్రవాడున్నాడు. ఎవరి కళ్లలోకీ చూడడు, ముఖం ముందు వేళ్లు ఆడించుకుంటూ ఉంటాడు, ఎవరైనా తాకితే ఉలిక్కిపడతాడు. అతనికున్నది ఆటిజం అని తెల్లకోటు వేసుకున్న డాక్టరమ్మ గంభీరంగా చెప్పింది. చెప్పగానే ఆ పిల్లవాడి వదిన ముఖాన్ని మూడు వైపుల నుంచి, ఉరుములతో సహా చూపించారు. అంతవరకు బాగానే ఉంది. మర్నాడు ఆ పిల్లవాడు ఎప్పుడో ఒక్కసారి చూసిన కారు నంబరు, దాని వెనక పోయిన పదకొండు కార్ల నంబర్లు వరసగా అప్పజెప్పి దొంగల్ని పట్టించాడు. ఆ శుక్రవారమే వదిన వాటేసుకుని ఏడిస్తే, పుట్టినప్పటి నుంచి మాట లేనివాడు "అమ్మా" అన్నాడు. మా కోడలు కళ్లు తుడుచుకుంది. నాకేమో నవ్వొచ్చింది. "ఏందత్తమ్మా, గంత బాధ సీనుల నవ్వుతున్నరు?" అని ఆ పిల్ల నొచ్చుకుంది.

నేను నవ్వింది ఆ కుర్రవాణ్ణి చూసి కాదు. మా చిన్నాయన ఆ సీరియల్లో ఉంటే దాని దర్శకుడు ఎంత అవస్థ పడేవాడో తలుచుకుని నవ్వొచ్చింది. మా చిన్నాయనకు నంబర్లు రావు. కూడికలు రావు. దొంగల్ని పట్టించడం అటుంచి, పట్టపగలు ఎవడో మా పెరట్లోంచి గునపం ఎత్తుకుపోతుంటే మర్యాదగా పక్కకు జరిగి దారి ఇచ్చిన మనిషి. వాటేసుకుంటే కరిచేవాడు. ఆయనకున్నది ఫలానా అని చెప్పే తెల్లకోటు మనుషులెవరూ మా దాకా రాలేదు. ఆ పేరు నేను మొదటిసారి విన్ననాటికి ఆయన పోయి చాలా ఏళ్లయింది. అయితే, టీవీలో అలాంటి మనిషిని చూడడం నాకిది మొదటిసారి కాదు. మొదటిసారి చూసింది మా ఊళ్లో, ఎనభైల చివర్లో, నేను తొమ్మిదో తరగతి చదివేటప్పుడు.

కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే తోవలో పాల్వంచ దాటాక, రోడ్డు దిగి అడవి వైపు రెండు మైళ్లు నడిస్తే మా ఊరు. ఊరికి ఒక పక్క మిరప చేలు, మూడు పక్కల అడవి. ఎండాకాలం తెల్లారేసరికి ఇప్పపూల వాసన ఇంట్లోకి వచ్చి కూర్చునేది. పులిసిన బెల్లంలా ఉండే ఆ వాసనకు మా అమ్మ రోజూ ముక్కు మూసుకునేది, మా తాత రోజూ గట్టిగా పీల్చుకునేవాడు. ఆయన నైజాం కాలంలో ఉర్దూ చదువు చదివి, జంగ్లాత్ ఆఫీసులో, అంటే అడవుల శాఖలో, గుమాస్తాగా చేసి దిగిపోయినవాడు. మా నాయన పక్క ఊళ్లో బడిపంతులు. చిన్నాయన మా నాయనకు తమ్ముడు. అప్పటికి ఆయనకు ముప్పై నాలుగేళ్లు. ఆరడుగుల మనిషి. నాయనమ్మకు మాత్రం ఆయన ఎప్పుడూ "చిన్నోడే".

చిన్నాయన నోట మూడు మాటలు ఉండేవి. బువ్వ, ఒద్దు, పో. ఈ మూడింటితో ఒక మనిషి ముప్పై నాలుగేళ్లు గడిపేయొచ్చని ఆయన్ను చూశాకే తెలిసింది. అన్నం వేరే, కూర వేరే తినాలి. రెండూ ఒకదానికొకటి తగిలితే కంచం దూరం జరిగేది. నీలం చారల చొక్కా తప్ప వేసుకోడు, అందుకని నాయనమ్మ ఆ ఒక్క రకం గుడ్డే ఎప్పుడూ కొనేది. పొద్దంతా కొట్టం చుట్టూ తిరిగేవాడు, ఒకే వైపు నుంచి, ఒకే అడుగుల దారిలో. అక్కడ గడ్డి మొలవడం మానేసింది. బీడీలు చుట్టే తునికాకు కోసే రోజుల్లో మాత్రం కళ్లానికి పోయేవాడు. ఊళ్లోవాళ్లు, గూడెం నుంచి వచ్చే కోయవాళ్లు అడవిలో కోసుకొచ్చిన ఆకును కట్టలు కట్టి ఆ కళ్లంలో ఎండబెడతారు. ఆ కట్టలను వరసగా పేర్చడమంటే చిన్నాయనకు ప్రాణం. వరస వంకర పోయిందంటే మొత్తం పీకి మళ్లీ మొదలు. పక్కవాళ్లు పది వరసలు వేసేసరికి ఆయనది ఒకటి పూర్తయ్యేది కాదు. అదేదో గొప్ప విద్య అనుకునేరు, కాదు. ఆయనకు అది బాగుండేది, అంతే.

నాయనమ్మ తిరగని చోటు లేదు. ఎడ్లబండిలో భద్రాచలం తీసుకుపోయి ఆయన తలనీలాలు ఎన్నిసార్లు ఇప్పించిందో లెక్క లేదు. దర్గాలో ఫకీరు కట్టిన తాయెత్తు, గూడెంలో నాటువైద్యం చేసే వెజ్జు కట్టిన వేరు, ఇంకెవరో సాధువు కట్టిన రాగి రేకు, మూడూ ఒక్కరోజే ఆయన జబ్బకు చేరాయి. సాయంత్రానికి మూడూ తెంపి కొట్టంలో దూడ మెడకు కట్టాడు. ఆ దూడ తర్వాత్తర్వాత మహా తెలివిమీరిందని, దాన్ని ఆపే కట్టుకొయ్య ఊళ్లో లేదని మా తాత అందరికీ చెప్పేవాడు. నాయనమ్మ మాత్రం నవ్వేది కాదు. ఏదో ఒక రోజు చిన్నోడు తన ముఖం చూసి "అమ్మా" అని పిలుస్తాడని, ఆ మాట వినకుండా తాను పోనని ఆమెకు గట్టి నమ్మకం.

అట్లాంటి ఇంటికి మా నాయన టీవీ తెచ్చాడు. తలుపులున్న చెక్కపెట్టె లాంటి నల్లా తెల్లా టీవీ. ఆ రోజుల్లో బొమ్మ మా ఊరి దాకా అందీ అందకుండా వచ్చేది. అడవిలో దొరికిన వెదుళ్లలో అన్నిటికన్నా పొడుగైనది తెచ్చి, దాని చివర యాంటెన్నా కట్టి, పెరట్లో నిలబెట్టారు. కొయ్యకు కట్టేస్తే బొమ్మ రాదు. మనిషి పట్టుకుని, కొంచెం వంచి, కదలకుండా నిలబడితేనే వస్తుంది. మా నాయన పట్టుకుంటే పది నిమిషాలకు చేతులు గుంజేవి, నేను పట్టుకుంటే అయిదుకే. ఒకరోజు చిన్నాయన కొట్టం చుట్టూ తిరుగుతూ తిరుగుతూ ఆగి, నా చేతిలోంచి వెదురు తీసుకుని, దానికి చెవి ఆనించి నిలబడ్డాడు. లోపల్నుంచి "వచ్చింది! వచ్చింది!" అని అరుపులు. గంటసేపు ఆయన కదల్లేదు. ఇక ఆ పని ఆయనదే అయింది. ఆదివారం పొద్దున మా ఇంట్లో ముప్పై మంది కూర్చుని టీవీ చూస్తుంటే, ఆ బొమ్మ తెప్పించే మనిషి మాత్రం పెరట్లో ఎండలో నిలబడి ఉండేవాడు. ఒక్కసారి కూడా ఆయన్ను లోపలికి పిలిచి చూపిద్దామని మాలో ఎవరికీ తోచలేదు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది, అప్పుడు వేయలేదు.

ఆదివారం వచ్చేది హిందీ సీరియల్. ఎక్కడో ఉత్తరాన పెద్ద మేడ, అందులో అన్నదమ్ములు, నగలతోనే నిద్రపోయే కోడళ్లు. మాలో ఎవరికీ ఆ భాష సరిగ్గా రాదు కాబట్టి తాత కుర్చీ టీవీ పక్కన వేసేవాళ్లం. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, వాళ్లు అన్న మాటను ఒక వాక్యం ఆలస్యంగా తెలుగులో చెప్పేవాడు. అందువల్ల మా ఇంట్లో నవ్వులు, ఏడుపులు కూడా ఒక వాక్యం ఆలస్యంగానే వచ్చేవి. మూడో వారమో నాలుగో వారమో ఆ మేడలో ఇన్నాళ్లూ చూపించని ఒక మనిషిని చూపించారు. ఇంటికి చిన్నకొడుకు. ఉయ్యాల మీద కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగుతున్నాడు, ఎవరు పిలిచినా పలకడు. ఆ వేషం కట్టినవాడెవడో గానీ నోరు ఒక పక్కకు వంచి, జుట్టు రేగ్గొట్టుకుని, చొంగ కారుస్తున్నాడు. మా చిన్నాయన ఎన్నడూ అట్లా ఉండడు. శుభ్రం విషయంలో మా అందరికన్నా ఆయనే నయం. కానీ నాయనమ్మ కంటికి ఆ వంకర నోరు ఆనలేదు. ఆ నోటిని కొంగుతో తుడుస్తున్న తల్లి ఆనింది. "అగో, గాడు మన చిన్నోడేరా!" అని లేచి నిలబడింది. ఆ రోజు నుంచి నాయనమ్మ టీవీకి అందరికన్నా ముందు కూర్చునేది. అప్పటిదాకా తన కొడుకులాంటి కొడుకు ఈ లోకంలో ఇంకొకడున్నాడని ఆమెకు తెలియదు. ఇంకో తల్లి కూడా ఉందని తెలియదు.

కష్టమంతా మా తాతకు వచ్చిపడింది. ఎందుకంటే ఆ మేడలో ఆ పిల్లవాడి గురించి మాట్లాడే మాటలు ఒక్కటీ మంచివి కావు. పాగల్ అంటే పిచ్చివాడని మాకందరికీ తెలుసు. అది వచ్చిన ప్రతిసారీ తాతకు సరిగ్గా అప్పుడే దగ్గు వచ్చేది. మిగతా మాటలకు దగ్గు చాలదు గదా, అందుకని ఆయన కొత్త మాటలు పుట్టించడం మొదలుపెట్టాడు. నేను బడిలో హిందీ చదువుతున్నాను, క్లాసులో రెండోదాన్ని. ఒక ఆదివారం పెద్దకోడలు చేతులు తిప్పుతూ, వీడు ఈ ఇంటికి బరువు, వీడుండగా మన పిల్లను ఎవరు చేసుకుంటారు అన్నది. నాకు స్పష్టంగా అర్థమైంది. తాత గొంతు సవరించుకుని, "వదిన ఏమంటున్నదంటే, మరిదికి ఈ చలికి బొంత చాలదు, మంచి రజాయి కుట్టియ్యాలె అంటున్నది" అన్నాడు. "మంచిది తల్లి" అని నాయనమ్మ ఆమెకు దిష్టి తీస్తున్నట్టు మెటికలు విరిచింది. ఆ పిల్లవాణ్ణి గదిలో పెట్టి గొళ్లెం వేస్తే, "పెండ్లివారొచ్చిండ్రు గద, దిష్టి తగులతదని" అన్నాడు. తల్లి మూల కూర్చుని ఏడిస్తే, "పెద్దోడు రెండు నెల్ల సంది ఉత్తరం రాయలేదంట" అన్నాడు. ఉత్తరం రాయని పెద్దకొడుకు ఆ పక్క గదిలోనే కనిపిస్తున్నాడు. అయినా మా ఊరివాళ్లు ఆయన్ను అడగలేదు. ఉర్దూ చదివిన మనిషి చెప్తే అడిగేదేముంది?

ఆ సాయంత్రం తాత కొట్టంలో బర్రెకు కుడితి కలుపుతుంటే పోయి పట్టుకున్నాను. "తాతా, నువ్వు చెప్పేదొకటి, వాళ్లు అనేదొకటి" అన్నాను. ఆయన చెయ్యి ఆపకుండా, "చదువుకున్న పిల్లవు, తెలుస్తదని నాకెర్కే" అన్నాడు. "మరి అబద్ధమెందుకు చెప్తున్నవు?" ఆయన తవుడు చేతులు దులుపుకుని నా దిక్కు చూశాడు. "మీ నాయనమ్మను ఊళ్లె అందరు అననే అంటరు. పొయ్యేకాడ అంటరు, వచ్చేకాడ అంటరు. పైసలు వోసి పెట్టెను తెచ్చుకున్నం. ఆ పెట్టెతోటి గూడ అనిపియ్యాల్నా బిడ్డా?" అన్నాడు. ఆ వారం నుంచి, పాగల్ అన్నప్పుడు తాతతో పాటు నేనూ దగ్గడం మొదలుపెట్టాను.

రజాయిలతో, దిష్టితో బండి కొన్ని వారాలు నడిచింది. తర్వాత ఒక ఆదివారం ఆ మేడ ముందు తెల్ల కారు ఆగింది. ఖాకీ బట్టల మనుషులిద్దరు ఆ పిల్లవాణ్ణి రెక్కలు పట్టి కారెక్కించారు. తల్లి ఉత్త కాళ్లతో కారెంబడి పరిగెత్తింది. పిచ్చాసుపత్రికి పంపిస్తున్నారు. ఆ మాట కారు మీదే హిందీలో రాసి ఉంది, నేను చదివాను. అందరూ తాత వైపు చూశారు. తాత ఈసారి చాలా ఆలస్యం చేశాడు. ఆఖరికి, "బొంబాయిల పెద్ద డాక్టరు ఉన్నడంట. గిట్లాంటోల్లకు మందిస్తడంట. ఆడికి పంపిస్తుండ్రు" అన్నాడు. "మరి గామె ఏడుస్తదేంది?" అంది నాయనమ్మ. "కొడుకు దూరం పోతుంటె ఏడ్వదా" అన్నాడు తాత. నాయనమ్మ ఒప్పుకుంది. ఆమెకు నచ్చిన సంగతి అందులో ఇంకొకటి ఉంది. మందు ఉందన్న సంగతి.

సీరియల్ వాళ్లు ఆ పిల్లవాణ్ణి అక్కడితో వదిలేశారు. మేడలో పెళ్లి పనులు మొదలయ్యాయి, పాటలు, మెహందీలు, కొత్త కోడలి అలకలు. ఆ తల్లి కూడా పట్టుచీర కట్టుకుని నవ్వుతూ తిరుగుతోంది. నాయనమ్మకు అవేవీ పట్టలేదు. "ఆ పిల్లగాని ముచ్చట ఏమన్న వచ్చిందా?" అని ప్రతి ఆదివారం అడిగేది. పాపం తాత, లేనివాణ్ణి ఎక్కణ్నుంచి తెస్తాడు? పెళ్లిపాట మధ్యలో, "బొంబాయి నుంచి ఉత్తరం వచ్చిందంట, మంచిగ తింటున్నడంట" అన్నాడు. మరో వారం, "పిలిస్తే పలుకుతున్నడంట" అన్నాడు. నాయనమ్మ ముఖంలో ఆ వెలుగు చూసి ఆయనకు ఆశ పుట్టి ఉంటుంది, నోరు జారింది. ఇంకో వారం, "అమ్మా అన్నడంట" అనేశాడు. ఆ మాట నోటి నుంచి వచ్చాక ఆయన ముఖం నేను చూశాను. కుండ పగలగొట్టిన పిల్లవాడి ముఖం అది.

నాయనమ్మ ఆ రోజే తీర్మానం చేసింది. "మనోణ్ణి గూడ బొంబాయి తీస్కపోవాలె." ఆమె అట్లా అంటే మా ఇంట్లో తిరుగు లేదు. కొత్తగూడెంలో రైలెక్కాలి. ఆ స్టేషన్ పేరేమో భద్రాచలం రోడ్డు. రాముణ్ణి చూద్దామని అక్కడ దిగే పరదేశులు బొగ్గు గుట్టలు చూసి బిత్తరపోతారు, అక్కణ్నుంచి ఇంకో ఇరవై అయిదు మైళ్లు ఉందని చెప్తే మనల్ని నమ్మరు. ఆ స్టేషన్ నుంచి బొంబాయి దాకా దారి తనకు తెలిసినట్టే నాయనమ్మ మాట్లాడేది. మురుకులు చేసింది, పల్లీ ముద్దలు చేసింది. డాక్టరు ముందు బాగుండాలని చిన్నాయనకు తెల్ల చొక్కా కుట్టించింది. ఆయన దాన్ని తీసుకెళ్లి బావి గట్టు మీద ఆరేసి వచ్చాడు, తనది కాదన్నట్టు. ఊళ్లో కనిపించిన వాళ్లందరికీ ఆమె చెప్పింది. తాత రోజుకో సాకు చెప్పాడు. ముందు ఎండలన్నాడు, తర్వాత మోకాళ్లన్నాడు, ఆ పైన డాక్టరు దేశం మీద పోయాడన్నాడు. "వచ్చేదాంక ఆడనే కూసుంట" అంది నాయనమ్మ.

రైలు కన్నా ముందు బస్సు అలవాటు చేద్దామని శుక్రవారం నాడు ఆమే ఆయన్ను రోడ్డు మీదికి తీసుకుపోయింది. నేనూ తాతా వెంట పోయాం. చిన్నాయన బస్సు ఎక్కడం అదే మొదలు. తునికాకు కోసేవాళ్లతో, కోళ్లతో, గంపలతో బస్సు కిక్కిరిసి ఉంది. రెండు మైళ్లు పోయిందో లేదో ఆయన చెవులు మూసుకుని అరవడం మొదలుపెట్టాడు. ఆ అరుపు నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. నాయనమ్మ పట్టుకోబోతే తన అరచేయి తనే కరుచుకున్నాడు, రక్తం కారింది. జనం పక్కకు తప్పుకున్నారు. ఎవరో ఆ మాట అననే అన్నారు, దగ్గడానికి తాతకు గొంతు రాలేదు. కండక్టర్ మంచివాడు, మెల్లగా దింపి, "ముసలమ్మా, గీయన్ని గిట్ల తిప్పకు" అన్నాడు. ఎర్రటి ఎండలో ముగ్గురం చిన్నాయన వెనక నడిచి ఇంటికి వచ్చాం. ఆయన మాత్రం తన అడుగుల దారి ఎక్కి చీకటి పడేదాకా కొట్టం చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. తాత పసుపు పెట్టి ఆ చేతికి కట్టు కట్టాడు. నాయనమ్మ ఏడుస్తూనే, "బొంబాయి వోయొస్తే గా భయం గూడ పోతది. సోమారం బైలెల్లుదాం" అంది.

మధ్యలో ఒక్క ఆదివారమే ఉంది. ఊరంతా ఆకు కోతకు అడవిలోకి పోయింది, టీవీ ముందు మేం ఇంట్లోవాళ్లమే. చిన్నాయన ఆ కట్టు కట్టిన చేత్తోనే పెరట్లో వెదురు పట్టుకుని నిలబడ్డాడు. మేడలో పెళ్లి జరుగుతోంది, సన్నాయిలు మోగుతున్నాయి. నాయనమ్మ ముందుకు జరిగి, "డాక్టరు పేరేందో, ఏ వాడనో ఇనుకో. రేపు వోయేటోల్లం" అంది.

తాత కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "డాక్టరు లేడే" అన్నాడు.

"ఏడికి వోయిండు?"

"ఎక్కడికీ వోలే. అసలే లేడు. ఉత్తరాలు లేవు. పిలిస్తే పలుకుడు లేదు. నేనే చెప్పిన. అన్ని నేనే చెప్పిన."

మా అమ్మ వంటింటి గడప దగ్గర చేటతో అట్లాగే నిలబడిపోయింది. నాయనమ్మ అరుస్తుందని నేను అనుకున్నాను. తాత కూడా అదే అనుకుని తల వంచుకున్నాడు. ఆమె టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే, "మరి ఆ పిల్లగాణ్ణి ఏం జేసిండ్రు?" అంది.

"పిచ్చి దవాఖానల ఏసిండ్రు."

"ఇప్పుడెట్లున్నడు?"

"తెల్వది. మల్ల చూపియ్యలే. మరిచిపోయిండ్రు."

"మరిచిపోయిండ్రా?" అంది నాయనమ్మ. టీవీలో ఆ తల్లి కొత్త కోడలికి హారతి పడుతోంది. "కన్న కొడుకును ఆడ పారేసి, గీడ సన్నాయిలు వెట్టుకున్నరా?" అంది. ఆమె గొంతులో కోపం చూసి నాకు భయమేసింది. ఆ కోపం తాత మీద కాదు. లేచి పెరట్లోకి పోయింది. నేను వెనకే తలుపు దాకా పోయాను.

చిన్నాయన కళ్లు మూసుకుని వెదురుకు చెవి ఆనించి ఉన్నాడు. కట్టు మీద కొత్తగా రక్తం మరక. నాయనమ్మ ఎదురుగా పోయి నిలబడి, "ఇడువు బిడ్డా. గసొంటోల్ల బొమ్మ కోసం నువ్వెందుకు ఎండకు నిలవడాలె" అంది. ఆయన విడవలేదు. సీరియల్ అయ్యేదాకా పట్టుకోవడం ఆయన పద్ధతి. ఆమె గుంజలేదు. తానూ ఆ వెదురుకు ఒక చెయ్యి వేసి, ఆయన చేతికి తగలకుండా, పక్కన నిలబడింది. అంతసేపు ఆమె ఆయన పక్కన ఊరికే నిలబడడం నేను అప్పుడే చూశాను. ఎప్పుడూ ఏదో ఒకటి తినిపించడమో, తుడవడమో, మొక్కించడమో చేస్తూ ఉండేది. కొంతసేపటికి ఆయనే చెయ్యి తీశాడు. ఇద్దరూ కలిసి వెదురును గోడకు వాల్చారు. ఇంట్లో సన్నాయిలు ఆగిపోయి బుస్సుమనే చప్పుడు మొదలైంది.

ఆ చప్పుడుకు చిన్నాయన తల తిప్పాడు. నేరుగా లోపలికి నడిచి టీవీ ముందు ఆగాడు. టీవీ వచ్చిన ఏడాదిలో ఆయన దాని ముందుకు రావడం అదే మొదటిసారి. తెర నిండా చుక్కలు, తెల్లవీ నల్లవీ, ఒకదాని మీద ఒకటి ఉరుకుతున్నాయి. మా నాయన ఆర్పేద్దామని లేచాడు. చిన్నాయన కింద కూర్చుని, ముఖం తెరకు దగ్గరగా పెట్టి, ఆ చుక్కల ముందు వేళ్లు ఆడిస్తూ నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వు అట్లా ఉంటుందని మాకు తెలియదు. లోపల్నుంచి, ఆగి ఆగి, పొట్ట పట్టుకుని నవ్వే నవ్వు. "ఆర్పకురా" అంది నాయనమ్మ. వచ్చి ఆయన పక్కన జానెడు ఎడం వదిలి కూర్చుంది. ఒక్కొక్కరం మేమూ కూర్చున్నాం, మా అమ్మ చేట పట్టుకునే కూర్చుంది. అందరం ఆ చుక్కలు చూస్తున్నాం. అప్పుడు నాయనమ్మ తాత దిక్కు తిరగకుండానే, "ఇగ చెప్పు. ఏమైందంట?" అంది.

తాత ఒళ్లోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. తెర దిక్కు చూసి, ఎప్పటిలాగే గొంతు సవరించుకున్నాడు.

"ఆ తల్లి పెండ్లి నడుమల్నే లేచి వోయిందంట. దవాఖాన తలుపు తీయించి కొడుకును తోల్కొచ్చుకున్నదంట."

"మాట వచ్చిందా?"

తాతకు దగ్గు రాలేదు. "రాలే" అన్నాడు. "ఎట్ల వోయిండో గట్లనే వచ్చిండు."

నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అమ్మా" అన్న పిలుపు కోసం ఆమె ముప్పై నాలుగేళ్లు కాచుకుంది. అది రాదన్న సంగతి మా ఇంట్లో ఒకరు ఒప్పుకోవడం అదే మొదటిసారి. పక్కన చిన్నాయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆఖరికి, "రాకపోతే మానె" అంది. "మంచిగున్నడా?"

తాత ఈసారి తెర వైపు చూడలేదు. చిన్నాయనను చూస్తూ, "మంచిగున్నడు. నవ్వుతుండు" అన్నాడు.

మేం బొంబాయి పోలేదు. మురుకులు మేమే తిన్నాం, తెల్ల చొక్కా మా నాయన బడికి వేసుకుపోయాడు. మర్నాడు పొద్దున్నే చిన్నాయన చేతికి కొత్త కట్టు కట్టి నాయనమ్మే కళ్లానికి పంపించింది. ఆ సీరియల్ తర్వాత ఎన్నాళ్లు నడిచిందో, పెళ్లయిన ఆ పిల్ల ఏమైందో నాకు తెలియదు. నాయనమ్మ మళ్లీ చూడలేదు, మమ్మల్నీ చూడనివ్వలేదు. ఆదివారం ఆ వేళకు టీవీ పెట్టి చుక్కలు తెప్పించేవాళ్లం. "ఉన్నదాన్ని చెడగొట్టుకుని చూసేటోల్లు మీరేనయ్యా" అని ఊళ్లోవాళ్లు నవ్వేవాళ్లు. నాయనమ్మ తొంభైల మొదట్లో పోయింది, చిన్నాయన మూడు మాటలకు నాలుగో మాట చేరకుండానే. మర్నాడు ఆయన ఆమె ఖాళీ మంచం పక్కన, జానెడు ఎడం వదిలి, రోజంతా కూర్చున్నాడు. అట్లా కూర్చోవడాన్ని ఏమంటారో నాకు తెలుసు. ఏ డాక్టరూ నాకు చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత నాలుగేళ్లు మా అమ్మ చేతి బువ్వ తిని, ఒక వానాకాలం జ్వరం వచ్చి ఆయనా పోయాడు.

తాత, అమ్మ, నాయన, అందరూ వెళ్లిపోయారు. ఆ ఆదివారం ఆ చుక్కల ముందు కూర్చున్నవాళ్లలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. కాలం వాళ్లందరినీ ఒక్కొక్కరినే తీసుకుపోయింది గానీ, ఆ పావుగంటను తీసుకుపోవాలంటే ఇంకా నన్ను దాటుకుని పోవాలి.